వేల్సు గనులలో వినబడిన మొఱ

పఠన భాగములు: ద్వితీయోపదేశకాండము 24:14, 15, యాకోబు 5:1–6, గలతీయులకు 6:1–5



వేల్సు దేశమందు 1904లో కలిగిన ఉజ్జీవమును గూర్చి మన కూటములలో వినని వారు అరుదు. బొగ్గు గనిలో పనిచేసిన ఇవాన్ రాబర్ట్స్ అను 26 ఏండ్ల యౌవనస్థుడు లౌఘర్ అను తన ఊరికి తిరిగివచ్చి ప్రార్థన కూటములు మొదలుపెట్టుటయు, ఆ అగ్ని లోయనుండి లోయకు ప్రాకుటయు, మరుసటి సంవత్సరము మన దేశపు ఖాసీ కొండలలోని సంఘములను కూడ తాకుటయు మన బోధకులు అనేక మారులు చెప్పియున్నారు. గని కూలీలు బూతులు మానివేయగా, ఆ తిట్లకే అలవాటుపడిన గని గుఱ్ఱములు వారి మాట తెలియక నిలిచిపోయెనను కథ మేమును ప్రసంగములలో చెప్పితిమి. మీరును నవ్వి, సంతోషించి, ఆమేన్ అంటిరి.

అయితే ఒక ఆదివారము సండేస్కూలులో, నాట్లకు వెళ్లు ఒక కూలి తల్లి కుమారుడు లేచి, "అయ్యగారూ, ఆ గనిలో వాళ్ళకు రోజుకూలి ఎంత?" అని అడిగెను. మాకు జవాబు తోచలేదు. గుఱ్ఱము సంగతి తెలిసిన మాకు మనుష్యుని కూలి సంగతి తెలియకపోయెను. మిక్కిలి సిగ్గుపడితిమి. ఆ దినము మొదలు చదివి తెలిసికొనిన సంగతులను ఈ పాఠముగా మీ యెదుట ఉంచుచున్నాము.

1. ఆలయములో నేర్చిన విద్య

వేల్సు ఇంగ్లండునకు పడమట నున్న చిన్న దేశము. దానికి సొంత భాష కలదు. ఆ భాషలోనే ఆ ప్రజలు బైబిలు చదువుకొనిరి, పాటలు పాడిరి. దక్షిణ భాగమున రోంద మొదలగు లోయలన్నియు బొగ్గు గనులే. 1913లో అక్కడ సుమారు 2,30,000 మంది పనిచేసి, 5 కోట్ల 70 లక్షల టన్నుల బొగ్గు త్రవ్విరి. వీధి వీధికి ఒక ప్రార్థనాలయము ఉండెను. వాటి పేర్లు సీయోను, హోరేబు, ఎబెనెజరు. మన పల్లెలలోని ఆలయముల పేర్లే గదా!

గని కూలివాడు చదువు నేర్చినది ఎక్కువగా సండేస్కూలులోనే. లెక్క వ్రాయుట డీకనుగా ఉండి నేర్చెను. పదిమందిలో నిలిచి మాటాడుట ప్రార్థన కూటములో నేర్చెను. ఆలయము నేర్పిన ఈ విద్యయే తరువాత యూనియనును నడిపించెను. దీనికి మంచి సాక్ష్యము విలియం అబ్రహాము. ఆయనను ప్రజలు మాబోన్ అని పిలిచిరి. పదియేండ్లకే గనిలో ప్రవేశించిన ఆయన మంచి గాయకుడు. కార్మికుల సభలో గలిబిలి పుట్టినయెడల ఆయన ఒక కీర్తన ఎత్తుకొనెడివాడు. సభ అంతయు ఆయనతో కలిసి పాడి నెమ్మదించెడిది. 1885లో రోంద ప్రజలు ఆయనను పార్లమెంటుకు పంపిరి.

ఆ కాలమున కూలి ఎట్లు నిర్ణయింపబడెను? 1875 మొదలు అక్కడ ఒక జారుడు లెక్క ఉండెను. బొగ్గు ధర పెరిగిన కూలి పెరుగును, ధర తగ్గిన కూలి తగ్గును. వినుటకు న్యాయముగానే ఉన్నది. కాని ధర నిర్ణయించువాడు యజమాని. పోటీలో గెలువవలెనని అతడు చౌకగా అమ్మినప్పుడు, ఆ నష్టములో పాలు కూలివాని పళ్లెములోని రొట్టె మీద పడెను. బేరము చేసినది ఒకడు, పస్తున్నది మరియొకడు.

1898లో కార్మికులు ఈ లెక్కను ఎదిరింపగా యజమానులు గనులు మూసిరి. ఐదు నెలలు గడచెను. కార్మికులు ఓడిపోయిరి. మాబోన్ ప్రయాసపడి సంపాదించిన నెలకొక సోమవారపు సెలవు కూడ పోయెను. అయితే ఆ ఓటమిలోనుండియే అదే సంవత్సరము దక్షిణ వేల్సు గని కార్మికుల ఫెడరేషను పుట్టెను. మాబోన్ దానికి మొదటి అధ్యక్షుడు. 1903లో జారుడు లెక్క తొలగిపోయెను.

2. బేతెస్దలో చీలిక

యోహాను సువార్త 5వ అధ్యాయములోని బేతెస్ద కోనేరు మనకు తెలిసినదే. ఉత్తర వేల్సులో ఒక ఊరికి అక్కడి ప్రార్థనాలయమును బట్టి బేతెస్ద అను పేరు వచ్చెను. ఆ ఊరివారు పెన్రిన్ ప్రభువుయొక్క పలక రాతి గనిలో పనిచేసిరి. యూనియనుతో మాటాడుటకు ఆ ప్రభువు ఒప్పుకొనలేదు. 1900 నవంబరులో సుమారు 2,800 మంది పని విడిచి వెలుపలికి వచ్చిరి. ఆ పోరాటము మూడేండ్లు సాగెను. ఊరి గాయకులు బృందములుగా ఇతర పట్టణములకు వెళ్లి, పాటలు పాడి, ఆకలిగొన్న ఇండ్లకు డబ్బు పంపిరి.

1901 జూనులో సుమారు 400 మంది తిరిగి పనిలో చేరిరి. అప్పుడు మిగిలినవారు, ఈ ఇంట ద్రోహి లేడను అర్థము గల కార్డులను తమ కిటికీలలో పెట్టిరి. కార్డు లేని ఇల్లు ఏదో ఊరంతటికి తెలిసిపోయెను. అన్నదమ్ములు మాటలు మానిరి. ఆ చీలిక ఆలయములలోనికి కూడ వచ్చెను. 1903 నవంబరులో సమ్మె ఏమియు సాధింపకయే ముగిసెను గాని, ఆ గాయము తరతరములు మానలేదు.

ఇక్కడ మనము నిదానముగా ఆలోచింపవలెను. తమ ప్రతినిధుల ద్వారా మాటాడు హక్కును అడుగుట న్యాయమే. అయినను పిల్లల ఆకలి చూడలేక తిరిగి పనిలో చేరిన పొరుగువాని మీద కలిగిన ద్వేషము న్యాయమా? నెలల తరబడి ఉప్పు గంజితో గడిపినవానికి ఆ కోపము రాకుండ ఉండునా? మేము సుళువుగా తీర్పు చెప్పజాలము. ఆ కోనేటి యొద్ద 38 ఏండ్లు పడియున్న రోగి తనను నీటిలో దింపువాడెవడును లేడని చెప్పెను. పెన్రిన్ గనివారు మూడేండ్లు అట్లే చూచిరి. వారిలో ఒకరినొకరు తోసికొనువారు కూడ ఉండిరి.

3. కొండమీది ప్రసంగమును చేతబట్టినవాడు

1900లో మెర్థర్ పట్టణము కియర్ హార్డీని పార్లమెంటుకు ఎన్నుకొనెను. ఆయన వేల్సువాడు కాడు, స్కాట్లండులో 1856లో పుట్టిన బీదవాడు. పదియేండ్లకే గనిలో దిగెను. యౌవనమున ప్రభువును అంగీకరించి, మద్యమునకు విరోధముగా ప్రసంగించెను. 1893లో ఇండిపెండెంటు లేబరు పార్టీ స్థాపించుటలో ఆయనే ముఖ్యుడు. తనను కార్మికుల పక్షమునకు నడిపినది అన్నిటికంటె ఎక్కువగా నజరేయుడైన యేసు బోధయేయని ఆయన చెప్పుకొనెను. 1907లో ఆయన మన దేశమునకు కూడ వచ్చి, ప్రజల కష్టములు చూచి, స్వపరిపాలన పక్షముగా మాటాడెను. అందుకై ఆయన స్వదేశపు పత్రికలు ఆయనను దుయ్యబట్టెను. 1914లో యుద్ధమును ఖండించినప్పుడు అబర్‌డేర్ సభలో ఆయన ఓటర్లే కేకలు వేసి ఆయనను మాటాడనియ్యలేదు. మరుసటి ఏడు ఆయన మరణించెను. మెర్థర్ సభ్యుడుగానే మరణించెను.

4. సెంగెనిద్: ఉజ్జీవమునకు తొమ్మిదేండ్ల తరువాత

ఉజ్జీవ కీర్తనలు వినబడిన ఆ దక్షిణ వేల్సులోనే, 1913 అక్టోబరు 14న సెంగెనిద్ అను ఊరి గనిలో ప్రేలుడు కలిగెను. 439 మంది గని కార్మికులును, వారిని రక్షింప వెళ్లిన ఒకడును మరణించిరి. అదే గనిలో 1901లో 81 మంది మరణించియుండిరి. గనిలోని గాలి దారిని అవసరమైనప్పుడు వెనుకకు త్రిప్పు ఏర్పాటు చేయవలెనని చట్టముండెను. గడువు దాటినను ఆ పని పూర్తికాలేదు. విచారణ తరువాత మేనేజరునకు వేసిన జరిమానా 24 పౌనులు మాత్రమే.

యాకోబు 5:4లో, పొలము కోసినవారికి ఇయ్యక బిగబట్టిన కూలి తానే మొఱపెట్టుచున్నదనియు, ఆ మొఱ సైన్యముల ప్రభువు చెవిని చేరినదనియు అపొస్తలుడు వ్రాసెను. ప్రభువు చెవిని చేరిన మొఱ బోధకుల చెవిని చేరెనా? కొందరు బోధకులు కూలీల పక్షమున నిలిచిరి. అనేకులు ఆత్మ సంగతులు మాత్రమే మా పని యని ఊరకుండిరి. అందుచేత అనేక యౌవనస్థులు ఆలయము విడిచి, గని కార్మికులు తమ డబ్బుతో కట్టుకొనిన గ్రంథాలయములకు పోయిరి. 1926లో ఏడు నెలల సమ్మెలో గని కార్మికులను నడిపిన ఏ. జె. కుక్ యౌవనమున బాప్తిస్టు ప్రసంగియే. ప్రసంగ వేదికను విడిచినవాడు సభా వేదిక నెక్కెను. అతనిని తప్పుపట్టక ముందు, వేదిక మీద మిగిలిన వారము ఏమి చెప్పుచుంటిమో పరీక్షించుకొందము.

5. ట్రెడీగర్: భారములు మోసిన ఊరు

ట్రెడీగర్ పట్టణములో కార్మికులు ఒక వైద్య సహాయ సంఘము పెట్టుకొనిరి. పౌను కూలికి మూడు పెన్నీల చొప్పున ప్రతివాడు చెల్లించెను. అప్పటి పౌనుకు 240 పెన్నీలు గనుక, ఇది మన లెక్కలో 80 రూపాయలకు ఒక రూపాయి. ఈ కొద్దిపాటి కానుకతో వైద్యులు, మందులు, ఆసుపత్రి ఆ ఊరి ఇండ్లన్నిటికిని దాదాపుగా దొరికెను.

ఆ ఊరిలోనే 1897లో అనైరిన్ బెవన్ పుట్టెను. పదమూడేండ్లకు గనిలో దిగెను. అతని తండ్రి బాప్తిస్టు విశ్వాసి. బొగ్గు ధూళి ఊపిరితిత్తులలో చేరి 1925లో చనిపోయెను. 1945లో బెవన్ ఆరోగ్య మంత్రియై, తన ఊరు చేసినదానిని దేశమంతటికి చేయబూనెను. 1948 జూలై 5న బ్రిటనులో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమాయెను. వైద్యుని యొద్దకు వెళ్లువాడు డబ్బు సంచి తీయనక్కరలేకపోయెను. 1951లో పండ్లకును కళ్లద్దములకును రుసుము పెట్టదలచినప్పుడు బెవన్ మంత్రి పదవిని విడిచెను.

బెవన్ పెద్దవాడైన పిమ్మట ఆలయమునకు వచ్చువాడు కాడు. దీనిని మేము దాచము. అయినను ఒకని భారము ఒకడు మోయవలెనని గలతీయులకు 6:2లో చదువు మనము, ఆ మాటను ఊరంతయు చేసి చూపిన చోటును గౌరవింపవద్దా? తండ్రి ఆజ్ఞకు సరేయని పోనివాడును, పోనని పిమ్మట పోయినవాడును మత్తయి 21లో కలరు.

6. అబర్‌వాన్: యజమాని మారినను

1947 జనవరి 1న బొగ్గు గనులు ప్రభుత్వపరమాయెను. కార్మికులు ఎంతో సంతోషించిరి. కాని 1966 అక్టోబరు 21న అబర్‌వాన్ గ్రామమునకు పైనున్న గని చెత్త కొండ వానకు జారి బడి మీద పడెను. 144 మంది చనిపోయిరి. వారిలో 116 మంది పిల్లలు. తప్పు ప్రభుత్వ బొగ్గు బోర్డుదేయని విచారణ సంఘము తేల్చెను. అటుపిమ్మట, మిగిలిన చెత్త కొండలను తొలగించుటకై, దయగలవారు బాధితులకు పంపిన నిధినుండియే 1,50,000 పౌనులు తీసికొనిరి! ఆ సొమ్ము 1997లో గాని తిరిగి రాలేదు. అప్పుడు దేశమునేలినది లేబరు పార్టీయే.

ఇది మనకు గొప్ప హెచ్చరిక. యజమాని పేరు మారినంతమాత్రమున పాపము పోదు. ప్రజల పేరట పనిచేయు బోర్డు కూడ ప్రజల మొఱ వినకపోవచ్చును. కావున ఏ పార్టీని, ఏ ప్రభుత్వమును మనము దేవుని స్థానమున పెట్టరాదు.

ముగింపు

ఆ పిల్లవానికి ఇప్పుడు జవాబు చెప్పగలము. 1912లో బ్రిటనులో దాదాపు పది లక్షల మంది గని కార్మికులు పని మాని అడిగినదేమనగా, పెద్దవానికి రోజుకు ఐదు షిల్లింగులు, అనగా పావు పౌను, బాలునికి రెండు షిల్లింగులు తగ్గకూడదని. పార్లమెంటు కనీస కూలి చట్టము చేసెను గాని, ఆ అంకెలు అందులో వ్రాయలేదు. ఉజ్జీవపు కీర్తనలు పాడిన నోళ్లే ఆ ఐదు షిల్లింగులను అడిగినవని ఇప్పుడు తెలిసికొంటిమి.

ఆ గనులు ఇప్పుడు మూతపడినవి. 1984–85 సమ్మె ఓడిపోయిన తరువాత అవి వరుసగా ముగిసెను. 239 మంది కార్మికులు తలకు 8,000 పౌనులు వేసికొని కొనుక్కొన్న టవరు గని కూడ 2008లో ముగిసెను. ఆలయములు కూడ అనేకము మూతపడినవి. ఉజ్జీవము జ్ఞాపకమున్నంతగా కూలివాని మొఱ జ్ఞాపకముండవలెనని మా ఆశ. మన సంఘములో ఒకే బల్ల యొద్ద రొట్టె తీసికొనువారిలో కూలి ఇచ్చువాడును ఉన్నాడు, పుచ్చుకొనువాడును ఉన్నాడు. సూర్యుడు అస్తమింపక మునుపే ఇయ్యవలెనను ఆజ్ఞ ఇద్దరి యెదుటను చదువబడవలెను. ఇన్నాళ్లు మేము సగమే చదివితిమి.

చర్చకు ప్రశ్నలు

1. జారుడు లెక్కలో నష్టము ఎవరి మీద పడెను? మన ఊరిలో అట్టి లెక్క ఏదైన ఉన్నదా?
2. బేతెస్దలో తిరిగి పనిలో చేరినవాని పొరుగున మీరు ఉన్నయెడల ఏమి చేసియుందురు?
3. ట్రెడీగర్ వారివలె, నెలకు కొద్ది పైకముతో మన స్త్రీల సమాజము రోగులకు ఏ సహాయము చేయగలదు?
4. అబర్‌వాన్ సంగతి అధికారమును గూర్చి మనకేమి నేర్పుచున్నది?

ప్రార్థనాంశము: మన పొలములలో పనిచేయువారి కొరకును, వారికి కూలి ఇచ్చువారి కొరకును పేరు పేరున ప్రార్థింతము. ప్రార్థించి లేచిన పిమ్మట, బాకీయున్న కూలి ఏదైన ఉన్నయెడల అదే దినమున చెల్లింతము.