చీర సంగతి డాక్టరుకు చెప్పండి

వకీలు దగ్గర, వైద్యుడి దగ్గర నిజం దాచొద్దని మన పెద్దలు చెబుతూ వచ్చారు. తలుపు గడియ పెట్టుకుని చీర కట్టుకునే మగవాడికి, ఛాతీకి బిగుతుగా గుడ్డ చుట్టి చొక్కా ప్యాంటు తొడుక్కునే ఆడమనిషికి ఆ మాట ఇంకాస్త ఎక్కువగా వర్తిస్తుంది. ఇలా బట్టలు మార్చి వేసుకోవడాన్నే క్రాస్‌డ్రెస్సింగ్ అంటున్నారు. ఈ అలవాటున్నవారిలో పెళ్లాం పిల్లలున్న రైతులుంటారు, ఆటో నడిపేవారుంటారు, బడిలో పాఠాలు చెప్పే సార్లుంటారు. వీళ్లంతా ట్రాన్స్‌జెండర్లు కారు, అందరూ స్వలింగ ప్రేమికులూ కారు. కొందరికి ఆ బట్టలు మనసుకు హాయి, అంతే.

సూర్యాపేట జిల్లా మోతె లాంటి మండలంలో ఈ సంగతి నోరు తెరిచి చెప్పడం ఎంత కష్టమో ఊహించగలను. ఆశా వర్కర్ వరసకు వదిన అవుతుంది. మందుల షాపాయన చిన్ననాటి దోస్తు అవుతాడు. ఇలా అందరికీ అందరూ తెలిసిన చోట గుట్టు కాపాడుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ ఊరికి చెప్పకపోవడం వేరు, డాక్టరుకు చెప్పకపోవడం వేరు. మొదటిది మీ ఇష్టం. రెండోది మీ ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

బట్టలకూ జబ్బుకూ సంబంధం ఉంది

చంకల్లో, ఛాతీ మీద దద్దుర్లు వచ్చిన ఒక మనిషిని ఊహించుకోండి. అవి వెంట్రుకలు తీసే క్రీముతో వచ్చి ఉండొచ్చు, కృత్రిమ స్తనాలు అతికించుకునే జిగురుతో వచ్చి ఉండొచ్చు. అతను ఆ ముక్క చెప్పడు. చూసినవారు తామర అనుకుంటారు. మందుల షాపులో స్టెరాయిడ్ కలిసిన ట్యూబు చేతికొస్తుంది. జిగురు వాడకం ఆగదు కాబట్టి దద్దుర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. నెలల తరబడి రాసిన స్టెరాయిడ్‌తో చర్మం పలచబడుతుంది. ఒక్క మాట చెప్పి ఉంటే మొదటి రోజే తేలిపోయే సమస్య ఇది.

నడుము సన్నగా కనబడాలని బెల్టు బిగిస్తే పొట్టలోని ఆమ్లం పైకి తన్నుతుంది, గుండెల్లో మంట పుడుతుంది. ఆ సంగతి తెలియని డాక్టరు గ్యాస్ మాత్రలే రాస్తాడు. ఛాతీకి గంటల తరబడి గుడ్డ చుట్టుకునే ఆడవారికి పక్కటెముకల నొప్పి, ఊపిరాడనట్టు ఉండటం మామూలే. మర్మాంగాన్ని వెనక్కి లాగి టేపు వేసుకునేవారికి చర్మం పుండ్లు పడొచ్చు, వృషణాల్లో నొప్పి రావొచ్చు. వేసుకున్న బట్టలు విప్పాల్సి వస్తుందని నీళ్లు తాగకుండా, మూత్రం ఆపుకుని కూర్చుంటే మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు దారి ఇచ్చినట్టే. వృషణంలో ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే మాత్రం సిగ్గుతో తెల్లారేదాకా ఆగకండి. అది మెలిపడి ఉంటే కొన్ని గంటల్లోనే ఆపరేషన్ చేయాలి.

అన్నింటికన్నా పెద్ద ప్రమాదం మాత్రలతో. ఒళ్లు మెత్తబడాలని కొందరు మగవాళ్లు గర్భనిరోధక మాత్రలు చాటుగా మింగుతారు. వాటిలోని ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది. సిగరెట్టు తాగేవారికి, బీపీ ఉన్నవారికి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా వెంటనే దవాఖానకు పరుగెత్తాలి. ఒళ్లు మెత్తబడాలనే స్పైరనోలాక్టోన్ మాత్రలు వాడేవారికి రక్తంలో పొటాషియం పెరగొచ్చు. కొన్ని రకాల బీపీ మందులతో కలిస్తే, కిడ్నీ జబ్బు తోడైతే అది గుండెకే చేటు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరుకు ఈ మందుల సంగతి తప్పకుండా తెలియాలి. ముదురు రంగు గోళ్ల పాలిష్ ఉంటే వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరులో కూడా తేడా రావచ్చు.

మనసు సంగతీ అంతే. బట్టలు జబ్బు కావు గానీ, ఏళ్ల తరబడి ఒంటరిగా మోసే రహస్యం నిద్రను, ఆకలిని తినేస్తుంది. నిద్ర పట్టడం లేదని చెప్పి ఎందుకు పట్టడం లేదో చెప్పకపోతే డాక్టరు చేతికి సగం సమాచారమే అందుతుంది.

మీ భయం ఉత్తది కాదు

చెబితే ఏమవుతుందోనన్న ఈ భయానికి మన గడ్డ మీదే చరిత్ర ఉంది. నిజాం కాలంలో, 1919లో, అంటే 1329 ఫస్లీలో, ఒక చట్టం వచ్చింది. ‘నపుంసకులు’ అని సర్కారు రిజిస్టరులో పేర్లు ఎక్కినవారు ఆడబట్టలతో వీధిలో కనబడితే వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చని అందులో రాశారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. వందేళ్లు దాటిన భయం ఒక్క తీర్పుతో పోదు, నిజమే. కానీ కాలం మాత్రం మారింది.

2014 ఏప్రిల్ 15న, ట్రాన్స్‌జెండర్ల హక్కులపై వచ్చిన నాల్సా కేసులో సుప్రీంకోర్టు మనిషి తన జెండర్‌ను బట్టల ద్వారా వ్యక్తం చేయడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో క్రాస్‌డ్రెస్సింగ్ పేరుతో ఉన్న రోగాలను తీసేశారు. అదే ఏడాది ఖమ్మం నుంచి వచ్చిన డాక్టర్ రూత్ జాన్ పాల్, ఆదిలాబాద్ రిమ్స్‌లో చదివిన డాక్టర్ ప్రాచీ రాథోడ్ ఉస్మానియా ఆసుపత్రిలో సర్కారు డాక్టర్లుగా చేరారు. ఇద్దరూ ట్రాన్స్‌జెండర్ మహిళలు. మీ అనుభవం వారిది కాకపోవచ్చు. కానీ మిమ్మల్ని చూసి బెదిరిపోని డాక్టర్లు మన రాష్ట్రంలోనే ఉన్నారనడానికి వాళ్లే రుజువు.

బట్టలే సిగ్గుచేటైతే స్త్రీ పాత్రలకు ప్రాణం పోసిన స్థానం నరసింహారావుకు, కూచిపూడి సత్యభామగా వెలిగిన వేదాంతం సత్యనారాయణ శర్మకు ఈ దేశం పద్మశ్రీ ఇచ్చేది కాదు.

ఎవరికి చెప్పాలి?

రిజిస్టరైన డాక్టరుకు చెప్పండి. రోగి రహస్యాన్ని బయటపెట్టకూడదని వైద్య మండలి 2002 నిబంధనలు డాక్టరును కట్టడి చేస్తున్నాయి. కోర్టు అడిగినప్పుడు, ఇతరులకు తీవ్రమైన ప్రమాదం ఉన్నప్పుడు, చట్టప్రకారం తెలియజేయాల్సిన జబ్బుల విషయంలో తప్ప నోరు విప్పకూడదు. మీ బట్టలు వాటిలో దేని కిందకీ రావు. ఊళ్లోని ఆర్‌ఎంపీ ఎంత మంచివాడైనా ఈ నిబంధనల పరిధిలో లేడు. అందుకని ఇలాంటి మాట అక్కడ చెప్పకండి.

సొంత మండలంలో నామోషీగా ఉంటే బస్సెక్కండి. సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అటు ఖమ్మం ఉంది. దూరం వెళ్లలేకపోతే ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడొచ్చు. మనసు బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, డబ్బు అడగరు.

ఎలా చెప్పాలి?

కథ మొదటి నుంచి చెప్పనక్కర్లేదు. ఎప్పుడు మొదలైంది, ఎందుకు ఇష్టం అన్న వివరణలు మీరు ఎవరికీ బాకీ లేరు. నొప్పికి సంబంధించిన ముక్క చాలు.

ముందు ఏకాంతం అడగండి: "సార్, ఒక మాట మీతోనే చెప్పాలె. తలుపు జర దగ్గరికి వేస్తరా?"

తర్వాత సూటిగా చెప్పండి: "నేను ఇంట్ల అప్పుడప్పుడు చీర కట్టుకుంట. నడుముకు బెల్టు బిగిస్త. ఈ మంటకు అదే కారణమా?"

మాత్రలు వాడుతుంటే పేరు చెప్పడం కాదు, అట్టనే బల్ల మీద పెట్టండి. నోరు పెగలకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. చివరగా ఒక్క మాట అడగండి: "ఇది చీటీల రాయడం అవసరమా సార్?" వైద్యానికి పనికొచ్చేది రాయాల్సిందే. పనికిరానిది రాయొద్దని కోరే హక్కు మీకుంది.

ఎదుటివారు నవ్వితే?

నవ్వొచ్చు. నీతులు చెప్పొచ్చు. ఆ లోపం వారిది. "నేను వచ్చింది నొప్పికి, దాని గురించి చెప్పండి" అని మెల్లగా, గట్టిగా అనండి. ఈ అలవాటు మాన్పిస్తానని మందో షాక్ చికిత్సో అంటే లేచి వచ్చేయండి. మనిషి జెండర్‌ను, ఇష్టాన్ని మారుస్తామనే చికిత్సలు వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో రాష్ట్ర మండళ్లకు చెప్పింది. ఒక డాక్టరు సరిగా వినలేదని వైద్యాన్నే వదిలేయకండి. డాక్టరును మార్చండి.

ఈ పత్రిక చదివే డాక్టర్లకూ, నర్సమ్మలకూ ఒక విన్నపం. మీ ముందు చొక్కా విప్పిన మనిషి ఒంటి మీద బ్రా గుర్తులు కనబడితే పక్కవారిని పిలిచి చూపించకండి. "గట్టిగా బిగుస్తోందా? ఒరుసుకుంటోందా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో అతను తన సగం జబ్బు మీకు చెప్పేస్తాడు.

ఇక మీకు. ఇంట్లో చెప్పాలా, దోస్తులకు చెప్పాలా అన్నది మీరు తీరిగ్గా తేల్చుకోండి. డాక్టరు విషయంలో మాత్రం వాయిదా వేయకండి. వచ్చేసారి దవాఖాన మెట్లెక్కినప్పుడు నిజం మొత్తం వెంట తీసుకెళ్లండి. నిజం తెలిసిన డాక్టరే సరైన మందు ఇవ్వగలడు.