దగ్గర దారి – మంచి దారి

అరకులోయ తూర్పు కనుమలలో, అల్లూరి సీతారామరాజు జిల్లాయందు గలదు. చుట్టును కొండలు, కొండల నడుమ గెడ్డలు, వాలులయందు చెదరియున్న గిరిజన గ్రామములు. సంతకు పోవు కొండవాసి యెల్లప్పుడును దగ్గర దారినే పట్టడు. వానకాలమున ఆ దారిలో గెడ్డ పొంగినచో, కొండను చుట్టి పోవు దూరపు బాటనే యెంచుకొనును. గెడ్డ యొడ్డున నిలిచిపోవుటకంటె కొంత ఎక్కువ నడచి సంత చేరుట మేలని అతడెరుగును.

ఈ వివేకము సందేశములను మోయు యంత్రములకును అవసరము. బాట లేక రోగిని డోలీలో మోసికొని పోవు పల్లెలు ఈ కొండలలో నేటికిని గలవు. అట్టి వేళ వైద్యునకు ముందుగా కబురు అందుట ప్రాణావసరము. కాని వై-ఫై వంటి రేడియో తరంగములకు కొండ అడ్డము; దట్టమైన చెట్లును వాని బలమును తగ్గించును. శిఖరముపై ఒక స్తంభమును నిలిపినంత మాత్రమున దాని చాటుననున్న పల్లెకు కబురు చేరదు.

ఇట్టి చోట్లకు తగిన యేర్పాటు మెష్ నెట్‌వర్కు. మెష్ అనగా వల. ఇంటి కప్పుపై నొకటి, పాఠశాల కప్పుపై నొకటి చిన్న రేడియో పెట్టెలను అమర్తురు. ప్రతి పెట్టెయు తన సందేశముతోపాటు పొరుగువాని సందేశమునుగూడ ముందునకు అందించును. ఒక పెట్టె చెడినను కబురు వేరొక దారిని పోగలదు. హిమాలయ ప్రాంతమందలి ధర్మశాలలో 2005లో ఇట్టి వల నెలకొల్పబడినది.

దారులు పెక్కు గలిగినపుడు దేనిని ఎంచుకొనవలెను? మజిలీలు తక్కువగానున్న దారియే మంచిదని తొలుత తలచిరి. అందొక లోపము గలదు. మజిలీలు తగ్గినకొలది ఒక్కొక్క మజిలీ దూరము పెరుగును. దూరము పెరిగినకొలది తరంగము బలహీనమగును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2003లో దీనికొక కొలతను ప్రకటించిరి. సందేశమొకటి గమ్యము చేరుటకు మొత్తము ఎన్ని మారులు పంపవలసివచ్చునో లెక్కించుటయే ఆ కొలత.

రెండు పల్లెలను ఊహింపవచ్చును. వాని నడుమ నేరుగా పోవు దారికి మజిలీ ఒక్కటే. కాని 10 సందేశములలో 5 మాత్రమే అందును. అందినవని తెలుపు ప్రత్యుత్తరములలోను సగమే తిరిగి వచ్చును. ప్రత్యుత్తరము రానిచో పెట్టె మరల పంపును. కావున నాలుగింట ఒక ప్రయత్నమే సఫలమై, సగటున 4 మారులు పంపవలసివచ్చును. పాఠశాల మీదుగా పోవు దారికి మజిలీలు రెండు. అయినను ప్రతి మజిలీలోను సందేశములును ప్రత్యుత్తరములును 10కి 9 చేరును. అప్పుడు 100 ప్రయత్నములలో 81 సఫలమగును. మజిలీకి సగటున 1.23 చొప్పున, రెండింటికిని సుమారు 2.5 మారులు పంపిన చాలును. చుట్టుదారియే గెలిచినది!

ఈ లెక్క ఒకసారి వేసి విడువదగినది కాదు. ప్రతి పెట్టెయు సెకనునకొక చిన్న పరీక్షా సందేశమును పంపుచుండును. పొరుగు పెట్టెలు గడచిన 10 సెకనులలో ఎన్ని అందినవో లెక్కించును. ఒక దారి క్షీణించినచో సందేశము మంచి దారికి మరలును.

గెడ్డ పొంగినదో తీసినదో చూచి నడచు బాటసారివలె, దారి స్థితిని నిత్యము కనిపెట్టుచున్న వలయే ఆపదలో కబురును చేర్చగలదు. దగ్గర దారి యెల్ల మంచి దారి కాదు. గమ్యము చేర్చునదే మంచి దారి.