అవ్వ మిషను మళ్లీ కుట్టాలంటే: 14 చిట్కాలు

గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం దారిలో పొద్దున్నే గార్మెంట్స్ వ్యాన్లు తిరుగుతుంటాయి. వాటిలో పోయే ఆడవాళ్లు రోజంతా కరెంటు మిషన్ల మీద కుట్టి వస్తారు. వాళ్లింట్లోనే ఓ మూల అవ్వ కాలం నాటి నల్ల మిషను దుప్పటి కప్పుకుని, నెత్తిన టీవీనో బియ్యం డబ్బానో మోస్తూ నిలబడి ఉంటుంది. అడిగితే ‘అదెప్పుడో చెడిపోయింది’ అంటారు. విప్పి చూస్తే చాలాసార్లు చెడిందేమీ ఉండదు. నూనె ఎండి, దుమ్ము పట్టి, బిగుసుకుని ఉంటుంది, అంతే. దాన్ని మళ్లీ నడిపించడానికి కావలసింది ఓపిక, మంచి నూనె, ఒక పాత చీర ముక్క.

1. తిప్పి చూసి కొనండి. గుజరీ అంగట్లోనో, బెంగళూరు చిక్కపేట ఆదివారం బజారులోనో పాత మిషను కనబడితే మెరుపు చూసి డబ్బు తీయకండి. చక్రాన్ని మీ వైపుకు తిప్పండి. సూది పైకీ కిందికీ ఆడాలి, పాదం కింది పళ్లు కదలాలి. అడుగున జరిగే పలక తీసి బాబిన్ కేసు ఉందో లేదో చూడండి. పడవలాంటి పొడుగు షటిల్ ఉండే మరీ పాత చేతి మిషన్లకు ఆ షటిల్ పోతే మళ్లీ దొరకడం కష్టం. గుండ్రటి బాబిన్ వేసే సింగర్ 15 రకానికి ఆ బాధ తక్కువ. మన దేశపు నల్ల మిషన్లు చాలావరకు ఆ నమూనావే కాబట్టి బాబిన్, కేసు మామూలు అంగట్లోనే దొరుకుతాయి.

2. నంబరు రాసిపెట్టుకోండి. అడుగు పలక మీద నంబరు చెక్కి ఉంటుంది. సింగర్‌లో 1900కు ముందువాటికి అంకెలే ఉంటాయి. ఆ తర్వాత అంకెల ముందు ఒక అక్షరం, 1930ల మధ్య నుంచి రెండక్షరాలు వచ్చాయి. అంకెల ముందు ఎఫ్, జె, వైలలో ఒక్క అక్షరమే ఉంటే అది స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ కార్ఖానాలో పుట్టింది. ఆ కార్ఖానా 1980లో మూతపడింది. ఉషా అయితే 1930ల మధ్యలో కలకత్తాలో జై ఇంజనీరింగ్ వర్క్స్ మొదలుపెట్టిన మిషను. ‘అవ్వ పెళ్లికి కొన్నది’ అని ఇంట్లో చెప్పుకునే మాట ఎంత నిజమో నంబరే తేలుస్తుంది.

3. ఎర్ర పాదరసం మాట నమ్మకండి. 2009లో సౌదీ అరేబియాలో, పాత సింగర్ మిషన్లలో ఎర్ర పాదరసం ఉందని పుకారు లేచి వాటి ధర ఆకాశానికంటింది. అది వట్టి పుకారే. ఆ మిషన్లలో ఇనుము, ఉక్కు, పైన కాస్త మెరుపు పూత తప్ప దాచిన నిధి లేదు. లక్షలిస్తామంటూ వచ్చి ముందుగా ఖర్చులకివ్వమనేవాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపండి, డబ్బు మాత్రం వద్దు.

4. తడి పనికి ముందు పొడి పని. మనది వాన తక్కువ సీమ, తుప్పు కంటే దుమ్మే ఎక్కువ. దుమ్ము మీద నూనె పోస్తే మట్టిముద్ద అవుతుంది. ముందు పాత పళ్ల బ్రష్షుతో, రంగులు వేసే కుంచెతో మూలమూలా దులపండి. పళ్ల సందుల్లో ఇరుక్కున్న దూదిని సూదితో లాగండి. ఏది విప్పినా విప్పేముందు ఫోన్లో ఫోటో తీసుకోండి. మరలను కోడిగుడ్ల అట్టలో, విప్పిన వరసలోనే ఒక్కో గుంటలో వేయండి.

5. బంగారు పువ్వుల జోలికి జాగ్రత్తగా పోండి. నల్ల రంగు మీది ఆ పువ్వులను, అక్షరాలను కాపాడేది పైనున్న లక్క పూత. స్పిరిట్, థిన్నర్ తగిలితే అది కరిగిపోతుంది. మా మిషను మీది పువ్వుల్లో సగం నా చేతిలోనే పోయాయి. మురికి అనుకుని థిన్నర్ గుడ్డతో రుద్దాను, గుడ్డ పచ్చబడ్డాక గానీ తెలియలేదు. మెత్తటి నూలు గుడ్డకు మిషన్ నూనె అద్ది, కనబడని చోట ముందు తుడిచి చూడండి. రంగు అంటకపోతే మెల్లగా మిగతా చోట్లకు రండి.

6. వంటింటి నూనెలు వద్దు. కొబ్బరినూనె, ఆముదం, వేరుశెనగ నూనె ఏదైనా కొన్నాళ్లకు గట్టిపడి జిగురవుతుంది. మూలన పడ్డ మిషన్లలో చాలావాటికి ఈ జిగురే సంకెల. నీళ్లలా తెల్లగా ఉండే కుట్టు మిషన్ నూనే వాడండి. పైనున్న ప్రతి రంధ్రంలో ఒక్క చుక్క, తల వెనక్కి వాల్చి అడుగున ఇనుముకు ఇనుము రాసుకునే ప్రతి చోటా ఒక్క చుక్క. ఎక్కువ పోస్తే అదంతా జాకెట్టు గుడ్డ మీదికే దిగుతుంది.

7. జిగురుకు కిరోసిన్, తర్వాత తప్పక నూనె. పాత నూనె పచ్చగా గట్టిపడి ఉంటే కీళ్లలో రెండు చుక్కల కిరోసిన్ వేసి రాత్రంతా వదిలేయండి. పొయ్యికి దూరంగా, గాలి ఆడే చోట ఈ పని చేయాలి. పొద్దున చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొంచెం కొంచెంగా ఊపండి. నల్లటి మడ్డి బయటికొస్తుంది, తుడిచేయండి. కిరోసిన్ కడుగుతుందే గానీ కాపాడదు. తుడిచాక నూనె వేయకపోతే మళ్లీ మొదటికొస్తుంది.

8. చక్రం మొరాయిస్తే బలం చూపకండి. ముందు షటిల్ కప్పు తీసి లోపల చూడండి. ఎప్పటిదో దారం ముక్క అక్కడ చుట్టుకుని మిషన్ మొత్తాన్ని ఆపేస్తుంది. మరో తికమక కూడా ఉంది: చక్రం తిరుగుతుంది, సూది మాత్రం కదలదు. చక్రం మధ్యనుండే గుండ్రటి మర వదులైతే ఇలా జరుగుతుంది. బిగించినా పట్టకపోతే దాని వెనకున్న చెవుల వాషరును తీసి అర చుట్టు తిప్పి పెట్టండి. ఎవరో విప్పినప్పుడు తిరగేసి పెట్టి ఉంటారు.

9. మరకు సరిపడే స్క్రూడ్రైవరే పట్టండి. సన్నది పెట్టి తిప్పితే మర నెత్తిన గాడి అరిగిపోతుంది. కదలని మరకు కిరోసిన్ చుక్క వేసి, ఒక రోజు ఆగి ప్రయత్నించండి. తుప్పు పట్టిన పలకలను సన్నని ఉక్కు పీచుకు నూనె అద్ది రుద్దండి. ఆ పీచు నల్ల రంగు మీదికి పోకూడదు.

10. సూది రకం చూసి వేయండి. గార్మెంట్స్ నుంచి తెచ్చిన జూకీ కరెంటు మిషను సూది ఇంటి మిషనుకు పనికిరాదు, రెండింటి మొదలు వేరు. పాత సూది పట్టుకుపోయి అదే రకం అడగండి. పలచటి గుడ్డకు 11, మామూలు నూలు గుడ్డకు 14, మందపు గుడ్డకు 16 లేదా 18 నంబరు. పొడవాటి గాడి దారం వచ్చే వైపుకు ఉండేలా, సూదిని పైదాకా నెట్టి బిగించండి. ‘కుట్టు తప్పుతోంది’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఒక కొత్త సూది.

11. అడుగున ఉండ కడితే పైదారం చూడండి. గుడ్డ కింద దారం గుబురుగా వస్తే అందరూ బాబిన్‌నే తిడతారు. తప్పు సాధారణంగా పైదారానిది. పాదం పైకెత్తి, దారాన్ని మొదటి నుంచీ మళ్లీ ఎక్కించండి. పాదం దించి ఎక్కిస్తే బిగువు బిళ్లల మధ్య దారం కూర్చోదు. బాబిన్ కేసు బిగువు తెలియాలంటే దాన్ని దారంతో వేలాడదీయండి. దానంతటది జారిపోకూడదు, చిన్నగా ఊపితే అంగుళమో రెండంగుళాలో దిగాలి.

12. తొక్కుడు బరువైతే బెల్టు చూడండి. తోలు బెల్టు వాడకంలో సాగుతుంది. వదులైతే జారుతుంది, మరీ బిగిస్తే కాళ్లు పీకుతాయి. పావు అంగుళం చొప్పున కోసి కమ్మీ మళ్లీ తగిలించండి. కింది పెద్ద చక్రం ఇరుసుకు, తొక్కే పలక రెండు చెవులకు నూనె వేయడం మరచిపోతారు. మిషను జరపాలంటే తల, స్టాండు విడదీసి మోయండి. చక్రం పట్టుకుని మాత్రం ఎత్తకండి.

13. ఆయుధపూజ బొట్టు స్టాండుకు పెట్టండి. దసరాకి మిషనుకు పసుపు, కుంకుమ, పూలు తప్పవు. ఆ పొడి నూనె రంధ్రాల్లో పడితే ముద్ద కడుతుంది, పువ్వుల మీద పడితే మరక నిలుస్తుంది. బొట్టు చెక్కకో, స్టాండుకో పెట్టి, మర్నాడే పొడి గుడ్డతో తుడవండి. పూజకు ముందు రోజు ఏడాది నూనె వేసే అలవాటు చేసుకుంటే అదే పెద్ద పూజ.

14. కొత్త రంగు వేయించకండి, స్టాండు అమ్మకండి. హోటళ్లలో బల్లలకోసం ఇనుప స్టాండ్లు అడుగుతారు. అది పోయాక తల ఒక్కటే గుజరీకి దారి పడుతుంది. దొడ్డబళ్లాపురం దగ్గరి నంది కొండ మీద 1927లో, 1936లో విశ్రాంతి తీసుకున్న గాంధీజీకి యంత్రాల మీద ఎన్నో అభ్యంతరాలున్నా, సింగర్ మిషన్‌ను మాత్రం ఆయన పనికొచ్చే వస్తువని వెనకేసుకొచ్చారు. పనికొచ్చేదాన్ని పనిలోనే ఉంచాలి. గీతలు, అరిగిన పువ్వులు అలాగే ఉండనివ్వండి. అవి అవ్వ చేతి గుర్తులు.

ఇవన్నీ అయ్యాక పాత చీర ముక్క పెట్టి, చక్రాన్ని చేత్తో మీ వైపుకు తిప్పి, తొక్కడం మొదలుపెట్టండి. మొదటి కుట్టు నూనె మరకలతో వస్తుంది, పర్వాలేదు. వంకరగా వస్తే మాత్రం మిషను మీద నెపం వేయకండి. దానికి పని గుర్తొచ్చింది, మీ కాలికే ఇంకా తొక్కుడు రాలేదు.