ఇంటి ముంగిలి

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని లోకోక్తి. ఆ యింటిలో మొట్టమొదట కంటబడునది ముంగిలి. అతిథులు చెప్పులు విడుచునది అచ్చట. వడియములు, ఒరుగులు ఎండబెట్టునది అచ్చట. వేసవి రాత్రులందు మంచములు వాల్చుకొని పెద్దలు కథలు చెప్పునదియు అచ్చటనే. అయినను ఇల్లు కట్టువారిలో పెక్కుమంది గదులను గూర్చి నెలల తరబడి ఆలోచింతురు గాని, ముంగిలి మాట వచ్చునప్పటికి మిగిలిన సిమెంటును అచ్చట పోయించి చేతులు దులుపుకొందురు. దాని ఫలితము తొలి వానకే తెలియును.

పూర్వులు ముంగిలికి మట్టినే నమ్ముకొనిరి. ఎఱ్ఱమట్టి పోసి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టి నేలను చదును చేసెడివారు. పేడతో అలికి, ప్రతి ఉదయమును కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టెడివారు. మట్టి నేల ఎండకు రాతివలె కాలదు; కురిసిన వానలో కొంత త్రాగును. అది జోరు వానకు మెత్తబడుననుటయు, మాటిమాటికి అలుకవలసి వచ్చుననుటయు నిజమే. పల్లెలలో ఇట్టి వాకిళ్ళు నేటికిని కలవు. పేడయు తీరికయు కరవైన పట్టణములలో మాత్రము వేరొక నేలను వెదకుకొనక తప్పదు.

తెలుగునాట అట్టి నేలకు తగిన రాతికి కొదువలేదు. వికారాబాదు జిల్లాలోని తాండూరు పరిసరములందు నీలివన్నెయు, పసుపువన్నెయు గల నాపరాళ్ళు లభించును. నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నాపరాళ్ళు రాయలసీమలో ఎన్నో యిండ్లకు నేలలైనవి. కడప బండ నల్లనిది. వంటయింటి గట్టులకును, అలమారలకును దానిని విశేషముగా వాడుదురు. కర్ణాటకమునందలి షాబాదు బండలును ఈ జాతివే. ఇవన్నియు సున్నపురాతిలోని భేదములు. కోట్ల సంవత్సరములకు పూర్వము సముద్రముల అడుగున సున్నపు బురద పొరలు పొరలుగా పేరుకొని గట్టిపడగా ఏర్పడినవి. ఆ పొరల వెంబడి ఉలి పెట్టి కొట్టినచో, పుస్తకమున పుటలు విడినట్లు పలకలుగా విడిపోవును. యంత్రములు లేని దినములలో సైతము ఇవి సామాన్యుల యిండ్లకు చేరుటకు ఈ గుణమే కారణము.

బండను కొనువారు దానిని కంటితో చూచుటయే గాక చెవితోను పరీక్షింపవలెను. నిలువబెట్టి చిన్న సుత్తితో తట్టినప్పుడు ఖంగుమని మ్రోగినది మంచి బండ. బొద్దుగా పలికినదానిలో కనబడని పగులు ఉండవచ్చును. ఇంటిలోపలికి నునుపు పెట్టిన బండ తగును. ముంగిటికి గరుకు బండయే మేలు. సున్నపురాతికి పులుపు గిట్టదు. నిమ్మరసమో, చింతపండు పులుసో పడినచోట మెరుపు పోయి మచ్చ నిలుచును. కావున బండలను ఆమ్లముతో కడుగుమని సలహా యిచ్చువారి మాట వినరాదు.

ప్రకాశము జిల్లా చీమకుర్తిలో దొరకు నల్ల గ్రానైటు, నక్షత్రములవలె మెరయు చుక్కలతో దేశాంతరములకు ఎగుమతి యగుచున్నది. దానికి పులుపు భయము లేదు. కాని అద్దమువలె నునుపు పెట్టిన గ్రానైటును ముంగిట పరచుట ఆర్భాటమునకే గాని క్షేమమునకు గాదు. తడిసిన నునుపురాతిపై కాలు జారి తుంటి విరిగిన వృద్ధురాలికి ఆ నక్షత్రములు ఏమి ఓదార్పు? పైగా నల్లని రాయి ఎండను మిక్కిలిగా పీల్చుకొనును. వైశాఖ మాసపు మధ్యాహ్నమున దానిపై వట్టి కాళ్ళతో నడచుట ఎవరితరము గాదు. లేతవన్నె బండ ఎండను కొంత తిప్పికొట్టును గనుక అంతగా కాలదు.

ఏ రాయి తెచ్చినను దానికంటె పెద్ద ప్రశ్న ఒకటి కలదు: కురిసిన నీరు ఎక్కడికి పోవును? ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది ఒక లీటరు నీరగును. నూరు చదరపు మీటర్ల ముంగిటిలో 50 మిల్లీమీటర్ల వాన పడినచో 5,000 లీటర్లు. ముంగిలినంతటిని సిమెంటుతో మూసివేసినవారు ఆ నీటిలో దాదాపు అంతటిని వీధిపాలు చేయుచున్నారు. జూను మాసపు వానకు మోకాలిలోతు నీరు నిలిచిన వీధిలోనే, ఆ ముందు మాసమున ట్యాంకరు కొరకు బిందెలు బారులు తీరి యుండుట పట్టణములలో వింత గాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టము వాన నీటిని ఒడిసిపట్టు నిర్మాణములను గూర్చియు చెప్పినది. చట్టము చెప్పినను చెప్పకున్నను, బావి ఎండినప్పుడు కష్టపడునది ఇంటివారే.

కావున బండలను సిమెంటుతో అతికింపక, ఇసుకపై పరచుట మేలైన పద్ధతి. మొదట మెత్తని పైమట్టిని తీసివేసి, కంకర పోసి దిమ్మిసతో కొట్టవలెను. దానిపై నాలుగైదు సెంటీమీటర్ల మందమున ఇసుక పరచి, బండను కదలకుండ కూర్చుండబెట్టవలెను. బండకును బండకును నడుమ వ్రేలెడు సందు విడిచి ఇసుకతో నింపినచో వాన నీరు కొంత ఆ సందులగుండ నేలలోనికి దిగును. గోడ వైపునుండి వెలుపలికి మీటరునకు ఒకటిన్నర సెంటీమీటరు వాలు ఉండవలెను. వాలు సరిగా నున్నదో లేదో తెలిసికొనుటకు గొప్ప ఉపాయమక్కరలేదు. ఒక బిందెడు నీరు కుమ్మరించి చూచినచో చాలును. ఆ వాలు చివర, పునాదికి దూరముగా, రాళ్ళును ఇసుకయు నింపిన ఇంకుడుగుంత యుండుట మంచిది. చెట్టు మొదలు చుట్టును బారెడు నేలను విడిచిపెట్టవలెను. మొదలు దాక సిమెంటు పోసి, వేప చెట్టు ఏల వాడినదని విచారించువారు కలరు!

ఇక ముంగిలికి కళ తెచ్చుట ఎంతయో ఖర్చుతో కూడిన పని గాదు. తూర్పున తులసికోట, ప్రహరి వెంబడి నందివర్ధనము, మందారము, పడమటి యెండకు అడ్డుగా సన్నజాజి పందిరి, స్నానపు నీరు పారు చోట రెండు అరటి పిలకలు. వసారా మెట్టుకు సున్నపు గీత గీసినచో రాత్రివేళ కంటిచూపు తగ్గినవారికి అంచు తెలియును. వానకాలమున సందులలో పాచి పుట్టును. కొబ్బరి చీపురుతో ఎప్పటికప్పుడు గీకివేయవలెను.

పసుపువన్నె తాండూరు బండపై తెల్లని ముగ్గు అంతగా కనబడదు. గుమ్మము ముందు మాత్రము రెండు మూడు కడప బండలు, నునుపు పెట్టనివి, పరపించుకొన్నచో ముగ్గు వీధికి స్పష్టముగా కనబడును. రంగుతో శాశ్వతముగా ముగ్గు వేయించుకొని పని తప్పించుకొనువారును నేడు కలరు. బియ్యపుపిండితో వేసిన ముగ్గు మాత్రము మధ్యాహ్నమునకే సగము మాయమగును. తక్కిన సగమును చీమలు సందులలోని ఇసుక వెంబడి బారులు తీరి మోసికొనిపోవును.