కొత్త మోటారు సైకిలు చోదకునికి మొదటి పాఠం

మన దేశంలో మోటారు సైకిలు నేర్చుకొనేవారిలో చాలామంది శిక్షణాలయం ముఖం చూడరు. ఖాళీ మైదానంలో అన్నగారో మేనమామగారో వెనుక కూర్చుండి క్లచ్ వదలడం, గేరు మార్చడం చూపుతారు. బండి కదలిననాడే విద్య పట్టుబడినట్లు భావిస్తారు. ఆపడం నేర్పేవారు అరుదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం గేరు గల మోటారు సైకిలుకు 18 సంవత్సరాలు నిండాలి. రహదారి చిహ్నాలు, నియమాలపై ప్రాథమిక పరీక్షలో ఉత్తీర్ణులైనవారికి ఆరు నెలలు చెల్లే లెర్నర్ లైసెన్సు లభిస్తుంది. కనీసం 30 రోజులు గడచిన తరువాతనే చోదన పరీక్షకు హాజరు కావచ్చు. ఆ కాలంలో బండికి ముందు వెనుకల ఎర్రని 'ఎల్' అక్షరం ఉండాలి. శిక్షకుని తప్ప మరొకరిని ఎక్కించుకొనరాదు. ఈ 30 రోజులు ఎలా వినియోగించుకోవాలన్నది సొంత బండివారి విషయంలో వారి వివేకానికే విడిచిపెట్టబడింది. అత్యవసర సమయంలో వాహనాన్ని ఆపగలగడం 1989 నాటి కేంద్ర నియమావళిలో పరీక్షాంశమే. అయినా అభ్యర్థుల శ్రద్ధ అంతా కాలు నేలకు ఆనకుండా ఎనిమిది అంకె తిప్పడం మీదనే! అనంతపురంలో పొందిన లైసెన్సు ఇంఫాలులోనూ చెల్లుతుంది కనుక ఈ లోపం ఏ ఒక్క జిల్లాకో పరిమితమైనది కాదు.

గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 11 మీటర్లు సాగుతుంది. బ్రేకు అందుకోవడానికి ఒక సెకను పట్టినా అంత దూరం గడచిపోయినట్లే. బ్రేకు పడగానే బరువు ముందు చక్రం మీదికి మళ్లుతుంది. అది నేలను గట్టిగా పట్టుకొంటుంది. వెనుక చక్రం తేలికై సులువుగా జారుతుంది. అందువల్ల ఆపే శక్తిలో అధికభాగం ముందు బ్రేకుదే. "ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావు" అనే పెద్దల హెచ్చరిక సైకిలు రోజుల నాటిది. బండిని నిటారుగా ఉంచి, రెండు బ్రేకులనూ కలిపి, ముందుదానిని క్రమంగా బిగించాలి. ఇసుక మీద, తడి రోడ్డు మీద మరింత మృదువుగా వేయాలి. మలుపులో వేగం తగ్గించడం కాదు, మలుపుకు ముందే తగ్గించాలి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలకు బలి అయిన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు. పెట్రోలు ట్యాంకు మీద ఊరేగే హెల్మెట్ ఎవరినీ కాపాడదు. గడ్డం కింద పట్టీ బిగించి ఉండాలి.

అభ్యాసానికి కావలసినది ఖాళీ స్థలం, ఒక సుద్దముక్క. గీత గీసి, 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, గీత వద్ద బ్రేకు వేసి, ఎంత దూరంలో ఆగిందో అడుగులతో కొలవాలి. చక్రం జారకుండా ఆగడం అలవాటైన పిమ్మట 30కి పెంచాలి. వెనుక మనిషి కూర్చుంటే బరువు అమరిక మారుతుంది కనుక, లైసెన్సు వచ్చిన తరువాత మొదటిసారి ఎవరినైనా ఎక్కించుకొన్ననాడు ఆ గీత వద్దకే మళ్లీ వెళ్లి, 20 నుంచే ప్రారంభించాలి.