అమ్మలూ, పాట పక్కన పేరు రాయి

ఓడలరేవు

అమ్మలూ,

నువ్వు పంపిన పాటల జాబితా అందింది. ఫోన్‌లో చూస్తే కళ్ళు లాగేస్తున్నాయని అల్లవరం వెళ్ళి కాగితం మీద తీయించుకొచ్చాను. ఎర్రసిరా పెన్ను పట్టుకుని కూర్చుంటే మీ అత్త, "రిటైరైనా ఈయనకి పేపర్లు దిద్దే జబ్బు పోలేదు" అంది. నీ జాబితా దిద్దకపోతే ఇంకెవరిది దిద్దను?

ఇక్కడ అందరం కులాసా. దాళ్వా నారుమళ్ళు పోశారు. సముద్రం ఇంకాస్త లోపలికొచ్చింది. మనం నీ చిన్నప్పుడు కూర్చున్న సరుగుడు చెట్ల వరసలో ముందువి పడిపోయాయి. తన మోకాలి నొప్పి తగ్గిందని మీ అమ్మ నీతో చెప్పిందట, నమ్మకు. కొబ్బరికాయ ధర మాత్రం అడక్కు, పొద్దున్నే నా నోరు పాడవుతుంది.

ఇక అసలు సంగతి. "గోదావరి పాత బ్యాండ్లు" అని పేరు పెట్టి, సగానికి పైగా సినిమా పాటలే ఎక్కించావేమిటే? అవి ఎక్కడికి పోతాయి? టీవీ ఉంది, ఎఫ్ఎం ఉంది, ఆటోవాడి స్పీకరుంది. ఎవరూ దిక్కులేనివాటికే కదా నీలాంటి పిల్ల కావాలి. కోప్పడుతున్నాననుకోకు. ఉద్యోగం నుంచి రాత్రి తొమ్మిదింటికి వచ్చి ఇదంతా వెతుకుతున్నావంటే నాకెంత గర్వంగా ఉందో మీ అత్తనడుగు. కానీ మిగిలిన వాటి పక్కన నువ్వు రాసిన మాట చూసి ఒళ్ళు మండింది. "పాత పాట." "జానపదం." "అరుదైనది." అంతేనా? పాడినవాళ్ళకి అమ్మానాన్నలు పేర్లు పెట్టలేదా?

రేడియో రోజులు నీకు తెలీవు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నాకు ఊహ తెలిసేసరికి మా నాన్న, అంటే మీ తాతయ్య, పొద్దున్నే భక్తిరంజని పెట్టేవాడు. పాటకి ముందు అనౌన్సరు రచన ఎవరిదో, స్వరకల్పన ఎవరిదో, పాడింది ఎవరో చెప్పాల్సిందే. అందుకే బడి మొహం చూడని మా మేనత్తకి కూడా ఇది రజనీకాంతరావు గారి బాణీ, ఆ గొంతు శ్రీరంగం గోపాలరత్నం గారిది అని తెలిసేది. "ఈ మాసపు పాట" అని ఒకే పాటని నెలంతా వేసేవారు. కల్లాపి చల్లుతూ నేర్చేసుకునేవారు ఆడవాళ్ళు. సంగీత శిక్షణ చెప్పిన ఓలేటి వెంకటేశ్వర్లు గారు మన రాజోలు మనిషి. నీ జాబితాలో ఆయన లేడు. పక్క ఊరివాణ్ణి వదిలేసి పాత బ్యాండ్లు ఎక్కడ వెతుకుతున్నావు?

బ్యాండంటే గిటార్లు, డ్రమ్ములే ఉండాలా అని అడుగుతావేమో, నేనే చెప్తాను. కాకినాడ వింజమూరి అక్కచెల్లెళ్ళు అనసూయ, సీత ఇద్దరే. పల్లెల్లో దంపుళ్ళ దగ్గర, ఊడ్పుల దగ్గర పాడుకునే పాటల్ని పట్టుకొచ్చి వేదిక ఎక్కించారు. వాళ్ళిద్దరూ ఒక బ్యాండు కాదూ? అనసూయ గారు 2019లో అమెరికాలో హ్యూస్టన్‌లో పోయారు. అక్కడున్న నీ స్నేహితురాలిని కదుపు, ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా తగలొచ్చు. టంగుటూరి సూర్యకుమారి రాజమండ్రిలో పుట్టింది, ప్రకాశం పంతులు గారి తమ్ముడి కూతురు. "మా తెలుగు తల్లికి" అంటే అందరికీ తెలుసు. రాసింది శంకరంబాడి సుందరాచారి అని చెప్పేవాళ్ళు ఎంతమంది? స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి మద్రాసు రేడియోలో ఆవిడ పాడిన పాట రజని గారిదే, అదే రజనీకాంతరావు గారిది. ఆ రెండు పాటలూ పెట్టు, మూడు పేర్లూ రాయి.

బుర్రకథ దళం కూడా బ్యాండే. ముగ్గురు మనుషులు. కథకుడు భుజాన తంబురా, వేళ్ళకి అందెలు, కాళ్ళకి గజ్జెలు. అటు హాస్యం, ఇటు రాజకీయం, ఇద్దరి చేతుల్లోనూ గుమ్మెటలు. షేక్ నాజర్ గారిది గుంటూరు జిల్లా పొన్నెకల్లు. 1954లో వచ్చిన అగ్గిరాముడులో ఆయన దళం అల్లూరి కథ చెప్పింది. సినిమా వద్దన్నానని దాన్ని తీసెయ్యకు. అక్కడ సినిమా వాళ్ళు వీళ్ళ దగ్గరకొచ్చారు, వీళ్ళు వాళ్ళ దగ్గరకు వెళ్ళలేదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్తాను, నవ్వకు. నీ వయసులో అంతర్వేది తీర్థంలో ఒక బుర్రకథ దళాన్ని టేపురికార్డరులో ఎక్కించాను. రెండు వైపులా నిండింది. అట్ట మీద గొప్పగా "బుర్రకథ" అని రాశాను. ఎవరిదో రాయలేదు, ఎప్పటికీ గుర్తుంటారనుకున్నాను. ఆ క్యాసెట్టు ఇప్పటికీ పలుకుతుంది. ఆ హాస్యగాడికి నేనిప్పటికీ నవ్వుతాను. ఆయన ఏ ఊరివాడో చెప్పేవాడు మాత్రం ఒక్కడూ మిగల్లేదు.

తాతయ్య గ్రామఫోను ప్లేట్ల సంగతి అడిగావు. ఉన్నాయి, ఉన్నంతలో. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర కాటిసీను, కపిలవాయి రామనాథశాస్త్రి గారి పద్యాలు. ఒక్కో వైపు మూడు నిమిషాలకు అటూ ఇటూ, అంతే. స్టేజీ మీద ఒక పద్యానికే పావుగంట రాగం తీసే మనుషులు ఆ మూడు నిమిషాల్లో ఎలా ఇమిడారో విను. రాగం కత్తిరించి మాట నిలబెట్టారు. 1996 నవంబరు 6 తుఫానులో ఇంట్లోకి నీళ్ళొచ్చి ప్లేట్లన్నీ మునిగాయి. కడిగి ఎండబెడితే పాట బతికింది కానీ మధ్యలో అంటించిన కాగితం చక్రం ఊడిపోయింది. ఇప్పుడవి పేరులేని ప్లేట్లు. కంగారుపడకు. ఆ చక్రం ఉన్న చోటు అంచున, గీతలు ఆగిపోయిన నున్నటి మేరలో, వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని చూడు. సన్నగా ఒత్తిన అంకె కనబడుతుంది. దాని ఫోటో తియ్యి. కంపెనీల పాత పట్టికల్లో ఆ అంకె పట్టుకుంటే పేరు దొరుకుతుంది. మెత్తటి బట్టతోనే తుడువు. ఆల్కహాలు తగలనిచ్చావో, అది లక్క, కరిగిపోతుంది.

ఆ కాలం వాళ్ళకి పేరు విలువ తెలుసమ్మా. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ ప్లేటు కోసం పాడి, పాట చివర ఇంగ్లీషులో తన పేరు తనే చెప్పుకుంది. గొప్పకోసమనుకున్నాను నేను. అసలు సంగతేమిటంటే ఆ ముద్రలు ప్లేట్లు పోయడానికి జర్మనీలో హానోవర్ వెళ్ళేవి. అక్కడివాళ్ళకి ఏది ఎవరిదో తెలియాలిగా!

ఇంత చెప్పినా, నీ జాబితాలో అసలైన ఖాళీ ఇది కాదు. వీళ్ళందరికీ ప్లేటో, రేడియోనో దొరికింది. మన బ్యాండు మేళాలకి ఏది దొరికింది? అంబాజీపేట మ్యారేజి బ్యాండు అని 2024లో సినిమా వచ్చాక కాస్త పేరు వినబడింది. అంతకుముందు కోనసీమలో బ్యాండు లేని పెళ్ళి ఉందా? క్లారినెట్, ట్రంపెట్, సొట్టలు పడ్డ పెద్ద ఇత్తడి బాకా, సైడు డ్రమ్ము, మనిషిని మించిన డోలు. ఊరేగింపు కదలబోయే ముందు క్లారినెట్ మాస్టారు రీడు నోట్లో పెట్టుకుని నానబెడుతూ నిలబడేవాడు. ఆ కాసేపు ఎవరు పలకరించినా తలే ఊపేవాడు. పక్కన పెట్రోమాక్స్ లైట్లు నెత్తిన పెట్టుకున్నవాళ్ళు. మొదట వాతాపి, తరవాత ఆ ఏడు ఆడిన సినిమా పాట. అదే పాట రావులపాలెం వాళ్ళు ఒకలా వాయిస్తారు, ముమ్మిడివరం వాళ్ళు ఒకలా. చరణం చివర క్లారినెట్ ఒక సొంత మెలిక వేస్తుంది, సినిమాలో అది ఉండదు. ఆ మెలికే నాకు కావాలి. నీకూ కావాలి, ఇంకా నీకు తెలీదంతే.

తాతల నుంచీ సన్నాయి, డోలు వాయించిన ఇళ్ళే ఎక్కువగా ఈ బ్యాండ్లు కట్టాయి. తెల్లవార్లూ వాయించి ఆఖరి బంతిలో తిన్నారు. మనం పిలిచిన పిలుపు "ఒరే బ్యాండూ" అనో, మర్యాద గుర్తొస్తే "మాస్టారూ" అనో. పేరు అడగలేదు. మన పెద్దకులాల ఇళ్ళలో ఎవరూ అడగలేదు, మన ఇంట్లో కూడా.

మీ అమ్మ పెళ్ళి వీడియో ఉంది కదా, మళ్ళీ ఒకసారి చూడు. బ్యాండు కనబడుతుంది, వినబడదు. వీడియో వాళ్ళు ఆ చప్పుడు తీసేసి సినిమా పాట అంటించారు. బుగ్గలు ఉబ్బి కనబడుతుంటాయి, వచ్చేది మాత్రం బాలసుబ్రహ్మణ్యం గొంతు. కానీ ఎడిటింగుకి ముందు తీసిన క్యాసెట్టులో అసలు చప్పుడు ఉండి తీరాలి. అమలాపురంలో పాత వీడియో షాపుల వాళ్ళ అటకల మీద అవి ఇంకా పడి ఉండొచ్చు. ముందు నేను వెళ్ళి అడుగుతాను. నువ్వు ఫోన్ చేస్తే ఎవరో కంపెనీ అమ్మాయి అనుకుని లేవంటారు. దొరికితే మాత్రం ఊరికే పెట్టి చూడకు. ఇక్కడి ఉప్పుగాలికి టేపు బూజుపట్టి అతుక్కుని ఉంటుంది, మొదటిసారి తిప్పడమే ఆఖరిసారి కావచ్చు. కంప్యూటరులోకి ఎక్కించే ఏర్పాటు పెట్టుకునే మీట నొక్కు.

వరస గురించి కూడా ఒక మాట. పద్యం వెనక పద్యం పెట్టకు, మీ వయసువాళ్ళు రెండో దానికే పారిపోతారు. పద్యం తరవాత బ్యాండు, దాని తరవాత అక్కచెల్లెళ్ళ పాట. గరగర అంతా కడిగెయ్యకు. ఎక్కువ కడిగితే గొంతులో గాలి కూడా పోతుంది. ఇంకోటి, నువ్వొక్కదానివీ వింటే గొడవ లేదు కానీ నలుగురికీ పెట్టేటప్పుడు లెక్క చూసుకో. రికార్డు మీద హక్కు అది వచ్చిన అరవై ఏళ్ళకి తీరుతుంది. రాసినవాళ్ళ హక్కు వాళ్ళు పోయాక ఇంకో అరవై ఏళ్ళు. రజని గారు పోయింది 2018లో, అంటే ఆయన పాటకి ఇంటివాళ్ళనో, హక్కున్నవాళ్ళనో అడగాల్సిందే. అడగడం నామోషీ కాదు. అడిగితే పాటతో పాటు పది కబుర్లు చెప్తారు.

చెవిలో ఆ గొట్టాలు పెట్టుకుని రాత్రి రెండింటిదాకా వినడం మాత్రం మానేయ్. మీ అమ్మ నాకు చెప్పింది. చెప్పిందని దాని మీద అరవకు.

కనుమకి రా. సెలవు లేదంటే ఊరుకోను. జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేరతాయి. గంగలకుర్రు ప్రభలు పచ్చటి చేల మీదుగా వచ్చి కౌశికలో దిగేటప్పుడు "అశ్శరభ శరభ" అని వేలమంది అరుస్తుంటే, అడుగున డప్పులు, సన్నాయి, బ్యాండు అన్నీ కలిసిపోతాయి. అక్కడ రికార్డు చెయ్యబోకు, ఏమీ విడిగా రాదు. ముందే వెళ్ళి, ప్రభ ఎత్తకముందు చెట్టుకింద కూర్చుని టీ తాగుతుంటారే, అప్పుడు పట్టుకోవాలి. వాళ్ళ సంపాదన రోజది, కాబట్టి వాయించమని అడిగేముందు డబ్బు మాట్లాడు. బేరం ఆడకు. ఫోటోలు తరవాత. ముందు నోటుబుక్కు తీసి మాస్టారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, డోలు వాయించే కుర్రాడి పేరుతో సహా రాసుకో. చదివి వినిపించు. ఇంటిపేరు తప్పు రాస్తే వాళ్ళే దిద్దుతారు.

మైకుకి తొడిగే ఆ స్పాంజి తొడుగు హైదరాబాదులోనే కొనుక్కో, ఇక్కడ దొరకదు. సముద్రం గాలి లేనప్పుడు కాలవ గాలి ఉంటుంది. బస్సు టిక్కెట్టు ఇప్పుడే తీసుకో, పండగ దగ్గర పడితే రెట్టింపు గుంజుతారు. రావులపాలెంలో దిగి ఫోన్ చెయ్యి, బండేసుకుని వస్తాను. మీ అత్త పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పిస్తానంటోంది.

మీ మావయ్య