తాంబాలం అంచున రేడియన్

పదో తరగతి దాకా పిల్లలకు కోణమంటే డిగ్రీలే. ముప్పై, నలభై అయిదు, అరవై, తొంభై నోటికి వచ్చేస్తాయి. ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరగానే అదే అరవై డిగ్రీలు ‘పై బై త్రీ’ అయి కూర్చుంటుంది. కరీంనగర్ హాస్టళ్లలో ఉన్నవాళ్లయినా, ఆదిలాబాద్ పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చినవాళ్లయినా తడబడేది ఇక్కడే. ‘అర్థం కావట్లేదమ్మా’ అని ఫోన్ చేస్తే దయచేసి ‘బట్టీ పట్టు’ అనకండి. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక్క అరగంట పక్కన కూర్చోండి. మీకు లెక్కలు రాకపోయినా ఫర్వాలేదు.

గుండ్రటి స్టీలు తాంబాలం, కాస్త దారం చాలు. తాంబాలం నడిమధ్య నుంచి అంచు దాకా దారం పట్టి, అంత పొడవుకే తెంపమనండి. అది వ్యాసార్ధం. ఆ ముక్కను అంచు వెంబడి ఆనించి, రెండు కొసల దగ్గరా గుర్తు పెట్టి, అక్కడి నుంచి మధ్యకు గీతలు గీయమనండి. ఆ గీతల నడుమ ఉన్న కోణమే ఒక రేడియన్. కోణమానినితో కొలిస్తే 57 డిగ్రీలు కొద్దిగా దాటుతుంది. దారాన్ని అలాగే అంచు చుట్టూ వరసగా పెట్టుకుంటూ పోతే ఆరుసార్లు పట్టి, ఇంకా పావు ముక్కకు కొంచెం ఎక్కువ చోటు మిగులుతుంది. అంటే చుట్టంతా 6.28 రేడియన్లు, సగం చుట్టు 3.14, అదే పై. చిన్న పళ్లెంతో మళ్లీ చేయించండి. దారం పొట్టిదవుతుంది, కోణం మాత్రం మారదు.

ఇది చేతికి తెలిశాక మార్పిడి సులువే. డిగ్రీలను 180తో భాగించి పైతో గుణిస్తే రేడియన్లు, పైతో భాగించి 180తో గుణిస్తే మళ్లీ డిగ్రీలు. ఒక్కటి మాత్రం కనిపెట్టి ఉండండి. చాలామంది ‘పై అంటే 180’ అని రాసేస్తారు. పై ఎప్పుడూ 3.14 చిల్లరే. 180 డిగ్రీలకు సమానమైనది పై రేడియన్లు.

‘ఇదంతా ఎందుకు?’ అని అడుగుతారు. అడగాలి కూడా. మన ఊళ్లతోనే జవాబు చెప్పండి. కరీంనగర్ అక్షాంశం దాదాపు 18.44 డిగ్రీలు, ఆదిలాబాద్‌ది 19.67. తేడా 1.23 డిగ్రీలు, అంటే 0.0215 రేడియన్లు. దాన్ని భూమి వ్యాసార్ధం 6371 కిలోమీటర్లతో గుణిస్తే 137 వస్తుంది. కరీంనగర్ కన్నా ఆదిలాబాద్ అన్ని కిలోమీటర్లు ఉత్తరాన ఉందన్నమాట. డిగ్రీల్లో ఉన్న కోణాన్ని ఇలా నేరుగా గుణిస్తే దూరం రాదు, రేడియన్ల గొప్పతనం అదే. బ్రిటిష్ సర్వే అధికారి విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో మొదలుపెట్టి కోణాలు కొలుచుకుంటూ ఉత్తరానికి సాగింది, ఒక డిగ్రీకి నేల మీద ఎంత దూరమో తేల్చడానికి కూడా. హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్తూ, 1823లో హింగన్‌ఘాట్‌లో ఆయన కన్నుమూశాడు. ఆదిలాబాద్ దాటి నాగపూర్ రోడ్డున పోతే ఆ ఊరు తగులుతుంది. అటు ప్రయాణం పడితే పిల్లలకు చూపించండి.

ఇంకొక మాట. ఫోన్‌లో సైన్ 30 కొడితే 0.5 రావాలి. మైనస్ 0.988 వచ్చిందని పిల్ల బెంబేలెత్తితే, క్యాలిక్యులేటర్ రేడియన్లలో ఉందేమో ముందు చూడమనండి.